ఓడ బొమ్మ ఉన్న ప్రాచీన నాణేలు: వేటితో మొదలుపెట్టాలి, వేటి కోసం ఆగాలి?

ఓడ బొమ్మ ఉన్న ప్రాచీన నాణేలను మాత్రమే సేకరించాలనుకునేవారికి సరుకు కొరత ఉండదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఫినీషియా (నేటి లెబనాన్, సిరియా తీరం) రేవు పట్టణాలు వెండి మీద ఓడను ముద్రించాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత రోమన్ చక్రవర్తులు రాగి మీద ఇంకా ఓడను ముద్రిస్తూనే ఉన్నారు. ఈ మధ్యకాలంలో గ్రీకు నగరాలు, రోమన్ గణతంత్రం, యూదయా పాలకులు, శాతవాహనులు వస్తారు. ఇంత విస్తారంలో ఎటు వెళ్లాలో తేలక, చవకగా కనిపించిన ప్రతిదాన్నీ కొనుక్కుంటూ పోతే చివరికి పెట్టె నిండుతుంది గానీ అందులో స్పష్టమైన ఓడ ఒక్కటీ ఉండదు.

దీనికి ఒక కారణం ఉంది. అమ్మేవారు నాణెం స్థితిని చాలావరకు ముఖం ఉన్న వైపును బట్టే చెబుతారు. చక్రవర్తి ముక్కు, కిరీటం, పేరు బాగుంటే "చాలా బాగుంది" అని రాస్తారు. వెనుక వైపు ఓడ సగం అరిగిపోయినా, ముద్ర పక్కకు జారి చుక్కాని బిళ్ళ (ముద్ర కొట్టే లోహపు ముక్క) దాటిపోయినా ధరలో పెద్దగా తేడా రాదు. ఓడలు సేకరించేవారికి ఇది నష్టమే కాదు, అవకాశం కూడా. ముఖం అరిగి ఓడ నిలిచిన నాణేన్ని ఇతరులు వదిలేస్తారు. మనం తీసుకోవలసింది దాన్నే. కింద చెప్పబోయే ఎంపికలన్నిటికీ నేను పెట్టుకున్న ప్రధాన కొలత ఇదే: ఓడ ఎంత మిగిలింది?

## ముందు తేల్చుకోవలసిన విషయాలు

ఏ రకం ఓడ. ఓడ నాణెం అన్న పేరు కింద మూడు వేర్వేరు బొమ్మలు చలామణి అవుతాయి. మొదటిది తెడ్లతో, చుక్కానితో నిండు ఓడ. రెండోది ఓడ ముందు కొస లేదా వెనుక కొస మాత్రమే. మూడోది ఓడ మీద నిలబడిన దేవతో చక్రవర్తో. ఇందులో ఓడ ఒక పీటలాగా కింద ఉంటుంది. మీకు ఓడ నిర్మాణం మీద ఆసక్తి ఉంటే మూడో రకం త్వరగా విసుగు పుట్టిస్తుంది. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. నాణేలు ముద్రించింది రాజ్యాలు, అవి గర్వంగా చూపించుకున్నది యుద్ధనౌకలను. తెరచాపలతో నడిచే సరుకుల ఓడ కావాలనుకునేవారికి ఎంపికలు బాగా తగ్గిపోతాయి.

బిళ్ళ పరిమాణం, ముద్ర స్థానం. ఓడ అడ్డంగా పొడవైనది, నాణెం గుండ్రటిది. అందుకే ముద్ర కొద్దిగా జారినా ముందు కొసో వెనుక కొసో పోతుంది. ఫోటోలో మొదట చూడవలసింది ఈ రెండు కొసలనే.

లోహం. వెండి నిలకడైనది. కంచులో క్లోరైడ్లు ఉండి గాలిలో తేమ తగిలితే లేత ఆకుపచ్చ పొడి రాలుతూ నాణెం తినేసుకుపోతుంది. సీసం అన్నిటికన్నా సున్నితం. కొన్ని రకాల చెక్క, అట్ట నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి తగిలితే తెల్లటి పొడిగా మారిపోతుంది.

నకిలీలు, కాగితాలు. ఖరీదైన నాణేలకే నకిలీలు ఉంటాయన్నది అపోహ. అడిగేవారు ఉన్న ప్రతి నాణేనికీ ఉంటాయి. నాణెం ఏ సేకరణ నుంచి వచ్చిందో చూపే పాత వేలం కేటలాగు, రసీదు, చీటీ ఉంటే రెండు భయాలూ ఒకేసారి తగ్గుతాయి. నకిలీ అన్న భయం ఒకటి, దొంగ తవ్వకాల్లో బయటపడిందేమో అన్న భయం ఇంకొకటి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. అంతకన్నా ముందే ఏదో సేకరణలో ఉన్నట్టు రుజువు ఉన్న నాణేనికి కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు.

## ఒక్క చూపులో

| వర్గం | కాలం | లోహం | ఓడ ఎంత కనిపిస్తుంది | ఖర్చు | నకిలీల బెడద |
|---|---|---|---|---|---|
| ఫినీషియా (సీదోను, బిబ్లోస్, అరదోస్) | క్రీ.పూ. 5–4 శతాబ్దాలు | వెండి | నిండు యుద్ధనౌక | చిన్నవి మధ్యస్థం, పెద్దవి చాలా ఎక్కువ | ఎక్కువ |
| హిస్టియాయా | క్రీ.పూ. 3–2 శతాబ్దాలు | వెండి | వెనుక కొస, దాని మీద వనదేవత | తక్కువ నుంచి మధ్యస్థం | మధ్యస్థం |
| రోమన్ గణతంత్రపు కంచు | క్రీ.పూ. 3–1 శతాబ్దాలు | కంచు | ముందు కొస | తక్కువ నుంచి ఎక్కువ | తక్కువ |
| మార్క్ ఆంటొనీ లెజియన్ (సైనిక దళం) దెనారియస్ (రోమన్ వెండి నాణెం) | క్రీ.పూ. 32–31 | వెండి | నిండు యుద్ధనౌక | మధ్యస్థం | మధ్యస్థం |
| పోస్ట్యుమస్, అలెక్టస్ | క్రీ.శ. 3వ శతాబ్దం | వెండి కలిసిన రాగి, రాగి | నిండు యుద్ధనౌక | తక్కువ నుంచి మధ్యస్థం | తక్కువ |
| కాన్‌స్టంటైన్ వంశం | క్రీ.శ. 330–350 | రాగి | ముందు కొస లేదా చక్రవర్తి ఎక్కిన ఓడ | చాలా తక్కువ | తక్కువ |
| శాతవాహన | క్రీ.శ. 2వ శతాబ్దం | ఎక్కువగా సీసం | రెండు తెరచాప కొయ్యల ఓడ | స్థితిని బట్టి | ఎక్కువ |

## మార్క్ ఆంటొనీ దెనారియస్: ఒక్కటే కొనగలిగితే

సేకరణలో ఒకే ఒక్క ఓడ నాణెం ఉండాలంటే నేను దీన్నే సూచిస్తాను. క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న గ్రీసు తీరంలోని ఆక్టియం దగ్గర తన ప్రత్యర్థి ఆక్టేవియన్‌తో జరిగిన నౌకాయుద్ధానికి ముందు, తన సైన్యానికీ నౌకాదళానికీ జీతాలివ్వడానికి రోమన్ సేనాని ఆంటొనీ వీటిని పెద్ద ఎత్తున ముద్రింపజేశాడు. ఒక వైపు తెడ్ల వరుసతో కుడి దిశగా సాగే యుద్ధనౌక. మరో వైపు రెండు సైనిక ధ్వజాల మధ్య లెజియన్ గద్ద, కింద ఆ లెజియన్ సంఖ్య. ఈ నాణెం మీద ముఖం లేదు. కాబట్టి ముఖం బాగుందని ధర పెంచే ఇబ్బందీ లేదు. ఓడే ఇక్కడ ప్రధాన బొమ్మ.

వీటిలో వెండి పాలు మామూలు దెనారియస్‌లలో కన్నా తక్కువ. మంచి వెండి నాణేలను జనం దాచుకున్నారు, తర్వాతి పాలకులు కరిగించారు. ఇవి మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. రెండు శతాబ్దాల తర్వాత పూడ్చిన నిధుల్లోనూ ఇవి బయటపడుతున్నాయి. ఆ సుదీర్ఘ చలామణీ వల్లే ఎక్కువ నాణేలు బాగా అరిగి ఉంటాయి. చాలావాటి మీద నాటి వడ్డీ వ్యాపారులు వెండిని పరీక్షించడానికి కొట్టిన చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఆ గుర్తు ఓడ నడిమీద పడకపోతే దాన్ని లోపంగా చూడనక్కరలేదు.

కొనేటప్పుడు పేచీ వచ్చేది లెజియన్ సంఖ్య దగ్గర. సంఖ్య స్పష్టంగా చదవగలిగితే ధర పెరుగుతుంది, అరుదైన సంఖ్య అయితే ఇంకా పెరుగుతుంది. రెండో లెజియన్ నుంచి ఇరవైమూడో లెజియన్ దాకా వరుసగా కూర్చేవారు ఉన్నారు. మీరు ఓడ కోసం వచ్చినవారైతే ఆ పోటీలోకి దిగకండి. సంఖ్య చెరిగిపోయి, తెడ్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేలా ఉన్న నాణెం తక్కువ ధరకే దొరుకుతుంది. మొదటి లెజియన్ పేరుతోనో, ఇరవైమూడు దాటిన సంఖ్యతోనో ఎవరైనా అమ్మకానికి పెడితే అనుమానించాలి. ఒక గీత చేర్చి సంఖ్యను మార్చడం పాత మోసమే. రాగి బిళ్ళకు వెండి పొర తొడిగిన ప్రాచీన నకిలీలు కూడా ఉన్నాయి. అంచు దగ్గర పొర లేచి ఎర్రగా కనిపిస్తే అది ఆ రకమే. అవి ఆ కాలపు వస్తువులే గనుక కొందరు ఇష్టంగా దాచుకుంటారు, కానీ ధర ఆ మేరకు తగ్గాలి.

## రోమన్ గణతంత్రపు కంచు: ఓడ నిర్మాణం చూడాలనుకునేవారికి

మొత్తం ఓడ కాకుండా ముందు కొస (అణియం) మాత్రమే ఉండే ఈ నాణేలను కొత్తవారు తేలిగ్గా తీసుకుంటారు. అది తొందరపాటు. నాణెం విస్తీర్ణమంతా ఓడ ముందు భాగానికే ఇచ్చారు కాబట్టి చిన్న నాణెం మీది నిండు ఓడలో కనిపించని వివరాలు ఇక్కడ కనిపిస్తాయి. నీటి మట్టం దగ్గర శత్రునౌకను పొడిచే కంచు ముక్కు, దానికి పైన మరో చిన్న పొడుపు కొమ్ము, పక్క పలకల వరుసలు, పైన వంపు తిరిగిన కొస అన్నీ విడివిడిగా గుర్తించవచ్చు. ఆ ముక్కుల అసలు రూపాలు సముద్రంలో దొరికాయి. ఇజ్రాయెల్ తీరంలో అత్లీత్ దగ్గర 1980లో ఒకటి బయటపడింది. రోమ్, కార్తేజ్‌ల మధ్య మొదటి ప్యూనిక్ యుద్ధాన్ని క్రీ.పూ. 241లో ముగించిన, సిసిలీ దగ్గరి ఎగేట్స్ దీవుల నౌకాయుద్ధ స్థలంలో ఇంకా అనేకం బయటపడ్డాయి. ఆ ఫోటోలు పక్కన పెట్టుకుని నాణెం చూస్తే, అచ్చు చెక్కినవాడికి ఓడలు బాగా తెలుసని అర్థమవుతుంది.

ఇందులో సేకరణకు ఒక సహజమైన క్రమం కూడా ఉంది. వెనుక వైపు అన్నిటి మీదా ఓడ ముందు కొసే. ముందు వైపు మాత్రం విలువను బట్టి దేవత మారుతుంది. ఆస్ (రోమన్ల ప్రాథమిక కంచు నాణెం) మీద రెండు ముఖాల జానస్, సగం విలువ సెమిస్ మీద సాటర్న్, ట్రియెన్స్ మీద మినర్వా, క్వాడ్రాన్స్ మీద హెర్క్యులిస్, సెక్స్‌టాన్స్ మీద మెర్క్యురీ, ఉన్సియా మీద రోమా దేవత. విలువను చుక్కలతో చూపించారు: ట్రియెన్స్‌కు నాలుగు, క్వాడ్రాన్స్‌కు మూడు, అలా ఒకటి దాకా. ఆరు నాణేలతో వరుస పూర్తవుతుంది. రోమన్ పిల్లలు నాణెం ఎగరేసి "తలలా, ఓడలా" అని అడిగేవారంటే ఈ బొమ్మ ఎంతగా జనంలో పాతుకుపోయిందో ఊహించవచ్చు.

క్రీ.పూ. 3వ శతాబ్దం చివరి భాగంలో పోత పోసిన తొలి ఆస్‌లు సుమారు 270 గ్రాముల బరువు ఉంటాయి. అవి అందంగా ఉంటాయి, ఖరీదు కూడా ఎక్కువే. అచ్చుతో కొట్టిన తర్వాతి కాలపు క్వాడ్రాన్స్, ట్రియెన్స్ చాలా అందుబాటులో ఉంటాయి. ఇక్కడి చిక్కల్లా స్థితి. ఎక్కువభాగం అరిగినవే, ఉపరితలం గరుకుగా ఉన్నవే. జానస్ ముఖం అరిగినా ఓడ గట్టిగా ఉన్న ఆస్ కోసం ఓపిక పట్టండి, దొరుకుతుంది. ఉపరితలం నున్నగా మెరుస్తూ గీతలన్నీ అతి పదునుగా కనిపిస్తే, అరిగిన చోట ఈ కాలంలో ఎవరో పనిముట్టుతో తిరిగి చెక్కారేమో చూడాలి. పది రెట్ల భూతద్దంలో చెక్కిన గాడి అడుగున లోహం రంగు వేరుగా ఉంటుంది.

## పోస్ట్యుమస్, అలెక్టస్: నిండు ఓడ, అందుబాటు ధర

మూడో శతాబ్దంలో రోమన్ సామ్రాజ్యం చీలికలైనప్పుడు విడిగా పాలించిన ఇద్దరి నాణేలివి. క్రీ.శ. 260 నుంచి 269 వరకు గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతాన్ని ఏలిన పోస్ట్యుమస్ నాణేల్లో ఓడ బొమ్మ ఉన్నవి తేలిగ్గా దొరుకుతాయి. బిళ్ళ వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఓడ రెండు కొసలూ సాధారణంగా నిలుస్తాయి.

అలెక్టస్ కథ ఇంకా ఆసక్తికరం. సముద్రపు దొంగలను అణచడానికి నియమించిన నౌకాదళ నాయకుడు కరౌసియస్ 286లో బ్రిటన్‌ను తన వశం చేసుకున్నాడు. 293లో అతని స్థానంలోకి వచ్చినవాడు అలెక్టస్. 296లో రోమన్ పాలకుడు కాన్‌స్టాంటియస్ దళాలు పొగమంచు చాటున అతని ఓడలను తప్పించుకుని ఒడ్డుకు చేరడంతో ఆ పాలన ముగిసింది. నౌకాబలం మీదే నిలబడ్డ పాలకుడి చిన్న రాగి నాణెం మీద తెరచాప కొయ్య, దాన్నుంచి దిగే తాళ్లు, తెడ్లు ఉన్న ఓడ ఉంది. బొమ్మకూ చరిత్రకూ ఇంత దగ్గర సంబంధం ఉన్న నాణెం ఈ ధరలో మరొకటి లేదు. బిళ్ళలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పగుళ్లు మామూలే. బ్రిటన్‌లో దొరికినవి కొన్ని పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో (జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే పథకం) నమోదవుతాయి. ఆ నమోదు సంఖ్య ఉన్న నాణేనికి దొరికిన ప్రాంతం కూడా తెలుస్తుంది. బ్రిటన్ నేలలో దొరికిన పురావస్తువును దేశం దాటించాలంటే ఎగుమతి అనుమతి కావాలి. అమ్మేవారిని ఆ పత్రం అడగండి.

## కాన్‌స్టంటైన్ వంశం: చవకే, కానీ...

క్రీ.శ. 330లో కాన్‌స్టాంటినోపుల్ నగర ప్రతిష్ఠ సందర్భంగా మొదలైన చిన్న రాగి నాణేల మీద ఒక వైపు శిరస్త్రాణం ధరించిన నగరదేవత, మరో వైపు ఓడ ముందు కొస మీద నిలబడిన విజయదేవత ఉంటారు. అనేక టంకశాలల్లో లెక్కలేనన్ని ముద్రించారు. అన్నిటికన్నా చవకైనవి ఇవే, కొత్తవారికి మొదట చూపేవీ ఇవే. 324లో హెల్లెస్పాంట్ జలసంధిలో కాన్‌స్టంటైన్ కొడుకు క్రిస్పస్ నౌకాదళం ప్రత్యర్థి చక్రవర్తి లిసీనియస్ ఓడలపై సాధించిన గెలుపుతో ఈ బొమ్మను చాలామంది ముడిపెడతారు.

టంకశాల గుర్తుల ప్రకారం వరుస కూర్చాలనుకుంటే ఇవి మంచి ఎంపిక. ఓడ చూడాలనుకుంటే కాదు. విజయదేవత కాళ్ల కింద ఓడ ఒక చిన్న వంపుగా మాత్రమే మిగులుతుంది. అంత ధరకే, లేదా కొంచెం ఎక్కువ పెట్టి, 348–350 మధ్య కాన్‌స్టాన్స్, రెండో కాన్‌స్టాంటియస్ ముద్రించిన పెద్ద రాగి నాణేలు కొనండి. వాటిలో చక్రవర్తి ఓడ మీద నిలబడి ఒక చేత ఫీనిక్స్ పక్షినో విజయదేవతనో, మరో చేత క్రీస్తు గుర్తు ఉన్న ధ్వజాన్నో పట్టుకుంటాడు. వెనుక కూర్చున్న విజయదేవత చుక్కాని పడుతుంది. మనుషులే ఓడ కన్నా పెద్దగా ఉన్నా, ఓడ మాత్రం పూర్తిగా ఉంది.

## ఫినీషియా: కలల నాణేలు

సీదోను రాజులు ముద్రించిన రెండు షెకెల్‌ల (షెకెల్ ఆ ప్రాంతపు తూనిక, నాణెం కూడా) వెండి నాణెం ఈ అంశంలో శిఖరం లాంటిది. అలల మీద యుద్ధనౌక, పక్కన డాళ్ల వరుస, కొన్నిటిలో ఓడ పైన రాజు పాలనా సంవత్సరం. వెనుక వైపు రథంలో పారశీక చక్రవర్తి. బిబ్లోస్ నాణేల్లో ఓడలో సైనికులు ఉంటారు, కింద గుర్రం తల, చేప తోక ఉన్న సముద్ర జంతువు ఈదుతుంది. ధర చూసి వెనక్కి తగ్గేవారికి సీదోనులోనే దారి ఉంది. షెకెల్‌లో పదహారో వంతు నాణెం గ్రాము కూడా తూగదు, వేలి గోరు కన్నా చిన్నది. అయినా మీద ఓడ పూర్తిగా ఉంది, వెనుక రాజు సింహంతో తలపడుతున్నాడు. భూతద్దం లేనిదే ఆనందించలేని నాణెం ఇది. కంటిచూపు ఇబ్బంది ఉన్నవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కాగితాల విషయంలో ఇక్కడ ఏమాత్రం మెత్తబడకూడదు. ఈ పట్టణాలున్నది నేటి లెబనాన్, సిరియా తీరంలో. యుద్ధాల నడుమ అక్కడ అక్రమ తవ్వకాలు పెరిగాయి. పాత సేకరణ ఆధారం లేని నాణెం ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పెద్ద నాణేలకు పోత పోసిన నకిలీలు చాలా ఉన్నాయి. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై సూదిమొన అంత బుడగల గుంటలు, బరువులో తేడా వాటిని పట్టిస్తాయి.

గ్రీకు వైపు చవకైన వెండి కావాలంటే యుబోయా దీవిలోని హిస్టియాయా నాణెం చాలు. ఓడ వెనుక కొస (అమరం) మీద వనదేవత కూర్చుని ఉంటుంది. వంపు తిరిగిన కొస అలంకారం మంచి ముద్రల్లో చక్కగా కనిపిస్తుంది. సుమారు రెండు గ్రాముల చిన్న నాణెం, పెద్ద సంఖ్యలో దొరుకుతుంది.

## శాతవాహన ఓడ: సరుకుల ఓడ కావాలనుకునేవారికి

ఇంతవరకు చెప్పిన వర్గాల్లో అంతటా యుద్ధనౌకలే. తూర్పు తీరంలో దొరికిన శాతవాహన సీసపు నాణేల మీది ఓడ వేరు. రెండు తెరచాప కొయ్యలు, ఎత్తైన కొసలు, వెనుక చుక్కాని తెడ్డు ఉంటాయి. తెడ్లు వేసే సైనికుల వరుస ఉండదు. వెనుక వైపు ఉజ్జయినీ చిహ్నం (నాలుగు కొసల్లో వలయాలున్న శిలువ ఆకారపు గుర్తు). వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో వీటిని ముడిపెడతారు. బంగాళాఖాతపు వర్తకం ఒక రాజ్యానికి ఎంత ముఖ్యమో చెప్పే బొమ్మ ఇది. నిండు మనసుతో చెబుతున్నాను, చరిత్ర దృష్టితో చూస్తే ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైన ఓడ ఇదే.

సేకరణకు మాత్రం అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. సీసం మెత్తన కాబట్టి అక్షరాలు పూర్తిగా చదవగలిగే నాణెం అరుదు. తక్కువ వేడికే కరిగి పోతకు లొంగుతుంది కాబట్టి నకిలీ చేయడం సులువు. ఒకే పగులు, ఒకే జారుడు ఉన్న రెండు "వేర్వేరు" నాణేల ఫోటోలు కనిపిస్తే రెండూ ఒకే మూసలోవి. చట్టం కూడా స్పష్టం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు భారతదేశం నుంచి ఎగుమతి చేయడానికి వీల్లేదు. నేలలో దొరికిన నిధిని 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. విదేశంలో ఉన్నవారు ఇటీవల భారత్ నుంచి వచ్చిన నాణేన్ని కొనకూడదు. చాలామందికి ఉత్తమమైన దారి మ్యూజియంలో చూసి, మంచి ఫోటో దాచుకోవడమే. కొన్నవారు దాన్ని చెక్క పెట్టెలో పెట్టకూడదు.

## మీరు ఎలాంటి సేకర్త అన్నదాన్ని బట్టి

ఇప్పుడే మొదలుపెట్టినవారు పోస్ట్యుమస్‌తో ప్రారంభించాలని నా సలహా. నిండు ఓడ ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే తర్వాతి కొనుగోళ్లలో తక్కువ రకానికి సర్దుకోరు. చదువుతూ సేకరించేవారికి గణతంత్రపు ఆరు నాణేల వరుస సరిపోతుంది. అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచిన రోమన్ నాణేల సూచికలతో ప్రతి రకాన్నీ సరిచూసుకోవచ్చు. పిల్లలకు బహుమతిగా ఇవ్వాలంటే ఫీనిక్స్ పట్టిన చక్రవర్తి ఓడ బాగుంటుంది, చేతిలో తిప్పి చూసినా భయం లేదు. ఇక తేమ ఎక్కువ ఉండే చోట నివసించేవారు కంచు, సీసం తగ్గించి వెండి వైపు వెళ్లడం మంచిది. అయితే వెండిని కూడా మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకూడదు, ఆకుపచ్చ జిగురు పడుతుంది.

ఇవన్నీ ఇప్పటికే ఉన్నవారు ఆంటొనీ నౌకాదళ అధికారులు క్రీ.పూ. 30వ దశకం తొలినాళ్లలో ముద్రించిన కంచు నాణేల కోసం వెతకండి. వాటిలో విలువను ఓడల సంఖ్యతోనే చూపించారు: ఆస్ మీద ఒక ఓడ, రెండు ఆస్‌ల నాణెం మీద రెండు, మూడు ఆస్‌ల నాణెం మీద మూడు. దాదాపు అన్నీ అరిగినవే. మూడు ఓడలూ లెక్కకు వచ్చే నాణెం ఎక్కడైనా కనిపిస్తే స్థితి గురించి బేరమాడుతూ కూర్చోకండి.